ప్రేక్షకులు లేని పాట: ఆల్బనీ ఉద్యమం, 1961–62

ఊళ్లలో పాటల శిక్షణ శిబిరాలు నడపడం నా పని. వ్యవసాయ కూలీల సంఘాలు, డ్వాక్రా మహిళలు, చర్చి యువజనులు, చెక్కభజన బృందాలు, కాలేజీ పిల్లలు, ఇలా ఏదో ఒక సమస్య మీద కదలాలనుకుని ఎవరు పిలిచినా వెళ్తాను. ప్రతి శిబిరంలోనూ ఒక పూట ఈ కేసుకే కేటాయిస్తాను. మన దేశపు కేసు కాదిది. అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీ అనే ఊళ్లో 1961 చివరి నుంచి 1962 వేసవి దాకా ఉధృతంగా నడిచిన పౌరహక్కుల ఉద్యమం. మార్టిన్ లూథర్ కింగ్ ఓడిపోయిన ఊరని చెప్పి చాలామంది దీన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పాటతో పనిచేసేవాళ్లకు మాత్రం ఇంతకంటే పనికొచ్చే ఊరు నాకు ఇంకొకటి కనిపించలేదు. భక్తి, పాట, పోరాటం ఒకదానిలోకి ఒకటి ఎలా అల్లుకుంటాయో ఇక్కడ దగ్గర నుంచి చూడొచ్చు. పాట ఎంత బరువు మోయగలదో, ఎక్కడ మోయలేదో కూడా తెలుస్తుంది.

నేను ఈ కేసు నుంచి తీసుకున్నది ఇది. జనం నోళ్లలో ముందే ఉన్న పాటను, వాళ్లలో ఒకరు ఎత్తుకుని, వాళ్లే మార్చుకుని పాడితే, ఆ పాడే గుంపే సంఘమవుతుంది. బయటి నుంచి మనం మోసుకెళ్లిన పాట ఎంత గొప్పదైనా ఆ పని చేయదు.

ఊరు, అందులోకి వచ్చినవాళ్లు

1960లో ఆల్బనీ జనాభా దాదాపు 56 వేలు. మూడోవంతుకు పైగా నల్లవాళ్లు. చుట్టూ పత్తి, వేరుశనగ పండే పల్లెలు. బస్టాండులో కూర్చునే చోట్లు వేరు, స్కూళ్లు వేరు. లైబ్రరీ, పార్కులు, ఈతకొలను అన్నిటా అదే విభజన. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల స్టేషన్లలో ఈ విభజన చెల్లదంటూ కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ ఇచ్చిన ఆదేశం 1961 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. ఆల్బనీలోని ట్రెయిల్‌వేస్ బస్టాండులో మాత్రం పాత పద్ధతే నడిచింది.

ఆ శరదృతువులో ఇద్దరు కుర్రాళ్లు ఊళ్లోకి వచ్చారు. 24 ఏళ్ల చార్లెస్ షెరాడ్, 18 ఏళ్ల కార్డెల్ రీగన్. ఇద్దరూ స్టూడెంట్ నాన్‌వయలెంట్ కోఆర్డినేటింగ్ కమిటీ కార్యకర్తలు. ఆ సంస్థను అందరూ స్నిక్ అని పిలిచేవాళ్లు. షెరాడ్ వర్జీనియాలో క్రైస్తవ వేదాంతం చదువుకున్నాడు, చిన్నప్పటి నుంచి చర్చిలో పాడినవాడు. రీగన్ నాష్‌విల్ విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చాడు. ఆ నాష్‌విల్ పిల్లలకు అహింసా శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు మూడేళ్లు మన నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి, గాంధీ పద్ధతులు చదువుకుని వెళ్లిన మెథడిస్టు. ఈ సంగతి చెప్పినప్పుడు శిబిరంలో పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు. దీనికన్నా పాత బంధం ఇంకొకటి ఉంది. 1936లో హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి మత పండితుడు భార్యతో, మిత్రులతో కలిసి బార్డోలీలో గాంధీని కలిసినప్పుడు, ఆయన కోరిక మీద వాళ్లు తమ స్పిరిచువల్స్ పాడి వినిపించారు. బానిసత్వం నాటి ఆ భక్తిగీతాల నుంచే ఆల్బనీ పాటలూ పుట్టాయి.

షెరాడ్, రీగన్ వచ్చిన కొత్తలో జనం వాళ్లను చూస్తేనే భయపడ్డారు. వీధిలో వెళ్తుంటే చిన్నపిల్లలు ‘ఫ్రీడమ్ రైడర్లు’ అని పిలిచేవాళ్లు, బస్సుల్లో ఈ విభజనను ధిక్కరిస్తూ ప్రయాణించినవాళ్లకు పడ్డ పేరది. వాళ్లతో పాటు అదే దారిన నడుస్తున్న పెద్దవాళ్లు రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాళ్లు. ఈ మాట షెరాడే రాసుకున్నాడు. కొత్త ఊళ్లో పని మొదలుపెట్టిన ఏ కార్యకర్తకైనా ఆ దృశ్యం తెలిసినదే. కొన్ని నెలలు తిరగకముందే ఆ ఊరినుంచి వందల మంది నవ్వుతూ జైలుకెళ్లారు. మధ్యలో ఏం జరిగిందన్నదే మనకు కావలసింది.

ఒక పాట మారిన రోజు

నవంబరు 17న ఊళ్లోని పాస్టర్లు, మహిళా సంఘాలు, విద్యార్థులు అంతా కలిసి ‘ఆల్బనీ మూవ్‌మెంట్’ అనే ఐక్య వేదిక పెట్టుకున్నారు. డాక్టర్ విలియం ఆండర్సన్ అధ్యక్షుడు. నవంబరు 22న, థాంక్స్‌గివింగ్ పండగకు ఇళ్లకు వెళ్లే పిల్లలతో బస్టాండు కిటకిటలాడుతుండగా, బెర్తా గోబర్, బ్లాంటన్ హాల్ అనే ఇద్దరు కాలేజీ విద్యార్థులు తెల్లవాళ్ల వెయిటింగ్ రూములోకి వెళ్లారు. అరెస్టయ్యారు. కాలేజీ వాళ్లిద్దరినీ సస్పెండ్ చేసింది. బెర్తా పండగ రోజు జైల్లోనే ఉండిపోయింది. మూడు రోజుల తర్వాత మౌంట్ జయాన్ బాప్టిస్టు చర్చిలో జరిగిన తొలి మాస్ మీటింగులో ఆ అమ్మాయి జైలు అనుభవం చెప్తుంటే మొరటు మగవాళ్ల కళ్లు కూడా తడిసిపోయాయని షెరాడ్ రాశాడు. ఆ తర్వాత అందరూ లేచి ‘వీ షల్ ఓవర్‌కమ్’ పాడారు.

ఆ అరెస్టుకు నిరసనగా కాలేజీ పిల్లలు ఊరేగింపు తీసి, చివరికి యూనియన్ బాప్టిస్టు చర్చిలో చేరారు. స్నిక్ కార్యకర్త చార్లెస్ జోన్స్ అక్కడున్న బెర్నీస్ జాన్సన్ వైపు తిరిగి ఒక పాట ఎత్తుకోమన్నాడు. 19 ఏళ్ల అమ్మాయి, బాప్టిస్టు పాస్టరు కూతురు. ‘నా తలపైన గాలిలో కష్టం కనిపిస్తోంది’ అనే అర్థంలో సాగే పాత స్పిరిచువల్ ఎత్తుకుంది. ‘కష్టం’ రావలసిన చోటికి వచ్చేసరికి ఆమెకు అక్కడ కష్టం కనిపించలేదు. ‘స్వేచ్ఛ’ అని పాడింది. సభ వెంటనే అందుకుంది. చిన్నప్పటి నుంచీ పాడుతున్న పాటే అయినా, దాన్ని తనకు అవసరమైనట్టు తాను వాడుకోవచ్చని తెలిసిన మొదటి క్షణం అదేనని ఆమె తర్వాత చెప్పింది. ఆమే తర్వాతి కాలంలో బెర్నీస్ జాన్సన్ రీగన్‌గా, ఈ పాటల చరిత్రకారిణిగా ప్రపంచానికి తెలిసింది. 2024లో కన్నుమూసింది.

శిబిరంలో ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడుగుతాను. ఆ అమ్మాయి ఆ రోజు ఉద్యమం మీద కొత్తగా రాసిన పాట తెచ్చి ఉంటే ఏమయ్యేది? ముందు కాగితాలు పంచాలి. చదువు రానివాళ్లు పక్కవాళ్ల వంక చూస్తారు. వరస నేర్పాలి, తాళం కుదరాలి. ఈలోగా ఊరేగింపు నుంచి వచ్చిన వేడి చల్లారిపోతుంది. ఆమె పాడినదానికి వరస అందరికీ వచ్చు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా వచ్చు. మారిన ఆ ఒక్క మాట కోసం మాత్రమే చెవి పెట్టాలి. పైగా అది దేవుడి పాట. దాన్ని బయటి కుర్రాళ్లు తెచ్చిన గొడవగా పెద్దవాళ్లు కొట్టిపారేయలేరు, అది వాళ్ల అమ్మమ్మలు పాడిన పాట.

సభ ఎలా నడిచేది

ఆల్బనీలో మాస్ మీటింగులు ఎక్కువగా ఎదురెదురుగా ఉన్న రెండు బాప్టిస్టు చర్చిల్లో జరిగేవి, షైలో, మౌంట్ జయాన్. ఒకటి నిండిపోతే జనం రోడ్డు దాటి రెండోదాంట్లోకి వెళ్లేవాళ్లు. వేదిక మీద బృందం పాడడం, కింద జనం చప్పట్లు కొట్టడం అనే పద్ధతే అక్కడ లేదు. వాయిద్యాలు దాదాపు లేవు. చప్పట్లు, చెక్క నేల మీద పాదాల దెబ్బ, గొంతులు. బెర్నీస్ తండ్రి చర్చిలో ఆమెకు పదకొండేళ్లు వచ్చేదాకా పియానోయే లేదు. ఆ ప్రాంతపు భక్తులు గొంతును గొంతుతోనే శ్రుతి చేసుకోవడం అలవాటైనవాళ్లు.

సభ తొలి భాగం పెద్దవాళ్లది. ఒక వృద్ధుడు మోకరించి ప్రార్థన చేస్తాడు. ఎవరో ఒక పెద్దావిడ ‘డాక్టర్ వాట్స్’ కీర్తన అందుకుంటుంది. 18వ శతాబ్దపు ఇంగ్లండు పాస్టరు ఐజాక్ వాట్స్ రాసిన స్తోత్రాల పేరు మీద, ఆ పాత నెమ్మది వరసలన్నిటికీ ఆ పేరు పడింది. నాయకుడు ఒక పాదం గబగబా చెప్తాడు, సభ దాన్ని సాగదీసి, ఎవరి గమకం వాళ్లు వేసి పాడుతుంది. అక్షరం రానివాళ్లకు అక్షరం అక్కర్లేకుండా పాట అందించే పద్ధతి అది. మన పొలాల్లో నాట్లప్పుడు ఒకామె ఎత్తుకుంటే వంగిన నడుములన్నీ అందుకున్నట్టే. ఒంగోలు చుట్టుపక్కల నేను పనిచేసిన బాప్టిస్టు సంఘాల్లోనూ పాత కీర్తనలు ఇలాగే ముందు ఒకరు చెప్తే వెనక అందరూ పాడడం చూశాను. 1878లో ఒక్కరోజే 2,222 మంది, ఎక్కువమంది మాదిగలు, బాప్తిస్మం తీసుకున్న ప్రాంతమది. వాళ్ల మిషనరీ జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు. సముద్రానికి అవతల బానిసల మనవలు, ఇవతల అంటరానివాళ్లన్నవాళ్ల మనవలు ఒకే పద్ధతిలో పాడుతున్నారన్న సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ పాత కీర్తన నెమ్మదిగా సభను ఒక ఊపిరి మీదికి తెచ్చాక కుర్రాళ్లు వేగమైన పాట ఎత్తుకుంటారు. ఆ రోజు జైలు నుంచి వచ్చినవాళ్లు సాక్ష్యం చెప్తారు. చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే చోటే అది, అదే పేరు, అదే లేచి నిలబడే తీరు. ప్రసంగం. మధ్యలో ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్లు పాట అందుకోవచ్చు. చివర్లో రేపు ఎవరు జైలుకు వెళ్తారని అడుగుతారు. చర్చిలో ప్రభువును అంగీకరించేవాళ్లు ముందుకు నడిచి వచ్చే దారినే జైలుకు సిద్ధమైనవాళ్లు నడిచి వస్తారు. నా దృష్టిలో ఈ కేసుకు గుండెకాయ ఇదే. ఉద్యమం కోసం కొత్త క్రతువు కనిపెట్టలేదు. జనానికి ఏళ్లుగా వచ్చిన అడుగులనే కొత్త దిక్కుకు నడిపించారు. అప్పటిదాకా ఇంటిపని చేసుకునే ఒక ఆమెకు తెల్ల పోలీసు ఎదుటికి వెళ్లడం ఊహకందని పని. కానీ పాట నడుస్తుండగా లేచి ముందుకు నడవడం ఆమె శరీరానికి వచ్చు.

పాటల కట్టుబడి కూడా దీనికి తోడైంది. ఒకే పాదం మూడుసార్లు, ప్రతి చరణంలో ఒక్క పేరు మార్పు. 1962 వేసవిలో కింగ్ సహచరుడు రాల్ఫ్ ఆబర్నాతీ ఆల్బనీకి తెచ్చిన ‘నన్నెవరూ వెనక్కు తిప్పలేరు’ అన్న అర్థం వచ్చే పాట చూడండి. ‘ఎవరూ’ ఉన్న చోట పోలీసు చీఫ్ ప్రిచెట్ పేరు పెట్టొచ్చు, మేయర్ కెల్లీ పేరు పెట్టొచ్చు, జైలు అనొచ్చు, ఇంజంక్షన్ (కోర్టు నిషేధాజ్ఞ) అనొచ్చు. ఆ మధ్యాహ్నం కోర్టులో జరిగింది ఆ రాత్రికి పాటలో చరణమయ్యేది. బెర్తా గోబర్, జేనీ కల్‌బ్రెత్ అనే మరో విద్యార్థిని కలిసి పాత వరస మీద నేరుగా ప్రిచెట్‌నూ, కెల్లీనీ పేరు పెట్టి పిలిచే పాట కట్టారు. బతికినన్నాళ్లూ ‘దొరా’ అని మాత్రమే సంబోధించాల్సి వచ్చిన మనిషిని నలుగురి మధ్య పేరుతో పిలవడం ఎంత పెద్ద విషయమో మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకొక సంగతి. ఈ పాటల్లో ఎక్కువ భాగం ‘నేను’ అనే పాడతాయి. ‘వీ షల్ ఓవర్‌కమ్’కు మూలమైన చర్చి పాటలోనూ ‘నేను’ అనే ఉండేది. 1945లో చార్ల్స్‌టన్ పొగాకు ఫ్యాక్టరీలో సమ్మె చేసిన నల్లజాతి మహిళల నోట అది సమ్మె పాటై, టెనెసీలో కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూలు ద్వారా స్నిక్‌కు చేరేసరికి ‘మనం’ అయింది. బెర్నీస్ మాత్రం చివరిదాకా ‘నేను’ పాటల పక్షమే. ‘మనం’ అంటున్నప్పుడు గుంపు వెనక దాక్కోవచ్చు, ‘నేను’ అన్నాక నువ్వొక్కడివే నిలబడి చెప్పినట్టు. అలాంటి వందమంది ‘నేను’లు కలిస్తేనే సభ అని ఆమె వాదన. నేను శిబిరాల్లో రెండూ పాడించి చూశాను. ఆమె మాటే నిజం.

జైల్లో

డిసెంబరు మధ్యకల్లా 700 మందికి పైగా అరెస్టయ్యారు. ఆల్బనీ జైలు పట్టక చుట్టుపక్కల కౌంటీల (మన జిల్లాల లాంటివి) జైళ్లకు పంపారు. ఒక్కో గదిలో టీచర్లు, వంటమనుషులు, కాలేజీ పిల్లలు, ముసలివాళ్లు కిక్కిరిసిపోయారు. బయట ఊళ్లో ఒకరింటికి ఒకరు వెళ్లని మనుషులు. ఎవరి ప్రార్థన తీరు వాళ్లది, ఎవరి కోపం వాళ్లది. మాటామాటా పెరిగినప్పుడు ఎవరో ఒకరు బెర్నీస్‌ను పాడమనేవాళ్లు. పాట అయ్యాక తేడాలు అంతకుముందున్నంత పెద్దగా ఉండేవి కావని ఆమె చెప్పింది. జైలు నుంచి వచ్చాక తన గొంతే మారిపోయిందని, అంత పెద్ద గొంతు తనకుందని అంతకుముందు తెలియదని కూడా చెప్పింది. ఇది నేను పదేపదే చూసిన విషయం. ధర్నాలో రోజంతా కూర్చున్న ఆడవాళ్లు మర్నాడు పాడితే అదే మనిషేనా అనిపిస్తుంది.

సాసర్‌లో ఒక రాత్రి

1962 వేసవి నాటికి షెరాడ్ చుట్టుపక్కల పల్లెల్లో ఓటరు నమోదు పనికి దిగాడు. ఆల్బనీ పక్కనే టెరెల్ కౌంటీ. జనాభాలో నల్లవాళ్లే ఎక్కువ, ఓటర్ల జాబితాలో ఉన్న నల్లవాళ్లు మాత్రం కొన్ని పదుల మంది. జులై చివరి వారంలో ఒక రాత్రి సాసర్ అనే చిన్న ఊళ్లో మౌంట్ ఆలివ్ బాప్టిస్టు చర్చిలో సభ పెట్టారు. 38 మంది నల్లవాళ్లు, ఇద్దరు తెల్ల కార్యకర్తలు. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి క్లాడ్ సిటన్ అక్కడే ఉన్నాడు కాబట్టి ఆ రాత్రి వివరంగా మిగిలింది.

సభ మధ్యలో కౌంటీ పోలీసు అధికారి, షెరిఫ్ మాథ్యూస్ తన మనుషులతో లోపలికి వచ్చాడు. ఒకడు ఐదు సెల్లుల టార్చి అరచేతిలో తట్టుకుంటూ, ఇంకొకడు నడుముకున్న తూటాల బెల్టు తడుముకుంటూ తిరిగారు. మా నల్లవాళ్లు గత వందేళ్లుగా బతికినట్టే ఇకమీదటా బతకాలన్నదే మా కోరిక అని షెరిఫ్ విలేఖరులతో అన్నాడు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్నారు. ఆ పేర్లు ఉద్యోగం ఇచ్చిన దొరకు చేరితే ఏమవుతుందో అందరికీ తెలుసు. షెరాడ్ పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు, సభ అందుకుంది. సభ సాగింది, జనం తాము ఎందుకు ఓటు నమోదు చేసుకోవాలో చెప్పుకున్నారు. ఒక దశలో నోరు తెరవకుండా ‘వీ షల్ ఓవర్‌కమ్’ వరసను హమ్ చేయడం మొదలైంది. మెల్లగా అది మాటల్లోకి, పెద్ద గొంతుల్లోకి పెరిగింది.

నేను ఈ ఘట్టం చెప్పేటప్పుడు ఆ హమ్మింగ్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. తుపాకీ ఉన్నవాడు గదిలో ఉన్నప్పుడు మాట్లాడినవాణ్ని ఒక్కణ్ని పట్టుకోవచ్చు. హమ్ చేసేది ఎవరో తెలియదు, పెదవులు కదలవు. గది మొత్తం ఒక గొంతవుతుంది. ఎవరికి వాళ్లు భయంతోనే మొదలుపెడతారు, పక్కవాళ్ల ధ్వని ఛాతీలో తగులుతుంటే భయం కాస్త తగ్గుతుంది, అప్పుడు మాట వస్తుంది. శిబిరంలో లైట్లు తీయించి దీన్ని చేయిస్తాను. ఉపన్యాసంతో పూటంతా చెప్పినా ఎక్కనిది కొద్ది నిమిషాల్లో ఎక్కుతుంది.

సెప్టెంబరులో ఆ మౌంట్ ఆలివ్ చర్చిని తగలబెట్టారు. ఆ ప్రాంతంలో మరికొన్ని చర్చిలూ కాలిపోయాయి. ఎందుకు చర్చిలు? తగలబెట్టినవాళ్లకు ఉద్యమం ఎక్కడ ఉందో సరిగ్గా తెలుసు. బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ ముందుండి చందాలు పోగుచేసి, వాటిని మళ్లీ కట్టించడానికి సాయపడ్డాడు.

పాట మోయలేని బరువు

ఇక కష్టమైన భాగం. దీన్ని దాటవేసి పాట గొప్పతనం మాత్రమే చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది.

పోలీసు చీఫ్ లారీ ప్రిచెట్ కింగ్ రచనలు చదివి, అహింసకు విరుగుడు తయారు చేసుకున్నాడు. కెమెరాల ముందు లాఠీ ఎత్తొద్దని తన పోలీసులకు శిక్షణ ఇచ్చాడు. యాభై మైళ్ల దూరం దాకా ఉన్న జైళ్లతో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. జైళ్లు నింపేస్తే ఊరు దిగివస్తుందన్న లెక్క అక్కడ పనిచేయలేదు, జైళ్ల కన్నా ముందే జనం అయిపోయారు. 1961 డిసెంబరు 16న కింగ్ అరెస్టయ్యాడు, నోటిమాట ఒప్పందం మీద బయటికి వచ్చాడు, ఆ ఒప్పందాన్ని ఊరి పెద్దలు నిలబెట్టుకోలేదు. 1962 జులైలో 178 డాలర్ల జరిమానా కట్టడానికి నిరాకరించి 45 రోజుల జైలు ఎంచుకుంటే, ఎవరో ఆ డబ్బు కట్టేసి ఆయన్ను బయటికి పంపించేశారు. జైల్లో ఉన్న కింగ్ కన్నా బయట ఉన్న కింగ్ తక్కువ ప్రమాదమని వాళ్లకు తెలుసు. అదే నెల ఫెడరల్ జడ్జి ఊరేగింపుల మీద ఇంజంక్షన్ ఇచ్చాడు. స్లేటర్ కింగ్ అనే స్థానిక నాయకుడి భార్య, గర్భిణి, దగ్గర్లోని కమిల్లా ఊరి జైల్లో ఉన్నవాళ్లకు తిండి పట్టుకెళ్తే అక్కడి డిప్యూటీలు కొట్టారు. ఆమె తర్వాత బిడ్డను పోగొట్టుకుంది. ఆమెను కొట్టిన మర్నాటి రాత్రి కొందరు కుర్రాళ్లు పోలీసుల మీదికి సీసాలు, రాళ్లు విసిరారు. ఆ రోజు పాట వాళ్లను ఆపలేకపోయింది. ఆగస్టులో కింగ్ ఊరు వదిలి వెళ్లాడు.

తర్వాత కింగే అన్నాడు, విభజన మొత్తం మీద ఒకేసారి పడ్డాం గానీ ఒక్క నిర్దిష్ట అంశాన్ని పట్టుకోలేదని. నా అంచనా కూడా అదే. బస్టాండు, లైబ్రరీ, పార్కులు, పోలీసులు, ఉద్యోగాలు అన్నీ ఒకే నిరసనలో పెట్టారు. పాటకు అన్నిటినీ కలుపుకునే గుణం ఉంది, ఏ చరణమైనా ఇముడుతుంది. ఉద్యమానికి కావలసింది మాత్రం కొన్నిటిని పక్కన పెట్టడం. సభ అంత గొప్పగా సాగుతున్నప్పుడు, ఎవరిని, ఎక్కడ, ఎప్పటికి లొంగదీయాలి అన్న ప్రశ్న అడిగేవాడు ఉత్సాహం చల్లార్చేవాడిలా కనిపిస్తాడు. మన దగ్గర కూడా బ్రహ్మాండమైన ధూంధాం అయిన మర్నాడు కలెక్టరాఫీసుకు వెళ్లాల్సిన అర్జీ రాసేవాళ్లు లేక ఆగిపోయిన పనులు నాకు తెలుసు. ధూంధాం వేదికల శక్తిని కళ్లారా చూసినవాళ్లలో నేనొకణ్ణి, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఆ శక్తి మర్నాటి పనికి చేరాలన్నదే నా బాధ.

ఏం మిగిలింది

1963 మార్చిలో ఆల్బనీ నగర పాలక మండలి విభజన శాసనాలను రద్దు చేసింది. మూసేసిన లైబ్రరీని కుర్చీలు తీసేసి తెరిచారు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోకుండా. ఈతకొలనును ప్రైవేటు వ్యక్తికి అమ్మేశారు. ఊరు అంత మొండిది.

కానీ అక్కడ నేర్చుకున్న పాడే పద్ధతి ఊరు దాటింది. 1962లో కార్డెల్ రీగన్, బెర్నీస్, రూథా మే హారిస్, చార్లెస్ నెబ్లెట్ కలిసి ‘ఫ్రీడమ్ సింగర్స్’గా ఏర్పడ్డారు. ఒక బ్యూయిక్ కారులో దాదాపు 50 వేల మైళ్లు తిరిగి, పాడుతూ స్నిక్‌కు డబ్బు, మనుషులు, వార్తలు సమకూర్చారు. పత్రికలు రాయని సంగతులు వాళ్ల పాటల ద్వారానే ఉత్తరాది కాలేజీలకు చేరాయి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ ప్రదర్శనలోనూ పాడారు. అదే ఏడాది అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో, 1965లో అదే రాష్ట్రంలోని సెల్మాలో ఉద్యమం గెలిచినప్పుడు, సభల నడక ఆల్బనీదే, దానికి తోడు ఆల్బనీలో లేని స్పష్టమైన లక్ష్యం ఉంది.

షెరాడ్ ఊరు వదల్లేదు. 1969లో భార్య షెర్లీతో, ఇతరులతో కలిసి నల్లజాతి రైతుల కోసం ‘న్యూ కమ్యూనిటీస్’ అనే ఉమ్మడి భూమి సంస్థ పెట్టాడు. 1976లో అదే ఆల్బనీ నగర కమిషన్‌కు ఎన్నికయ్యాడు. ఓడిపోయిన ఊరు అని రాసేవాళ్లు ఎక్కువగా 1962 ఆగస్టు దగ్గర పుస్తకం మూసేస్తారు.

నా శిబిరాల్లో దీన్ని ఎలా వాడతాను

మొదట మైకు తీసేస్తాను. మైకు ఉన్నంతసేపూ పాడేవాళ్లు, వినేవాళ్లు అని గది రెండుగా చీలిపోతుంది. గొంతు బాగున్నవాళ్లు ముందుకొస్తారు, మిగతావాళ్లు ఫోన్లు తీసి వీడియో పడతారు. మైకు లేకపోతే పక్కవాళ్ల గొంతు వినిపించక తప్పదు. తర్వాత, మీ ఇంట్లో, గుళ్లో, చర్చిలో, దర్గా దగ్గర మీకు పూర్తిగా వచ్చిన పాట ఏది అని అడుగుతాను. కొత్త పాట నేర్పమని అడిగేవాళ్లకు రెండో రోజు దాకా ఆగమంటాను.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, దీని మీద నేను గట్టిగా ఉంటాను. దైవభక్తి లేని కార్యకర్తలు కొందరు వచ్చి, భజన పాటలో మాటలు మార్చి ప్రచారానికి వాడదామంటారు. ఒప్పుకోను. ఆల్బనీలో పాటను మార్చినవాళ్లు ఆ పాటను ప్రార్థనగా పాడుతూ పెరిగినవాళ్లు. మార్చాక కూడా అది వాళ్లకు ప్రార్థనే. భక్తిని పనిముట్టుగా అరువు తెచ్చుకుంటే జనానికి ఇట్టే తెలిసిపోతుంది, మనసు నొచ్చుకుంటుంది, ఇంకోసారి పిలిచినా రారు. మంచినీళ్ల కోసం కదిలిన ఒక ఊళ్లో ఇదే చర్చ వచ్చింది. రామభజనలో నీళ్ల మాట పెట్టొచ్చా అని ఆడవాళ్లు మల్లగుల్లాలు పడుతుంటే, భజన నడిపే పెద్దావిడ తాళాలు ఒళ్లో పెట్టుకుని అంతా విని, “నీళ్ల సంగతి సామిని అడక్క ఇంకెవర్ని అడుగుతామే” అని, తనే ఒక చరణం మార్చి ఎత్తుకుంది. ఆ నిర్ణయం ఆమెదే కావాలి. ఆమె వద్దని ఉంటే మేం ఆ పాట జోలికి వెళ్లేవాళ్లం కాదు.

ఒకే మతం వాళ్లున్న ఊళ్లో ఇది సులువు. ఆల్బనీలో దాదాపు అందరూ ఒకే తరహా చర్చిలవాళ్లు, ఆ వెసులుబాటు మన ఊళ్లకు అన్నిచోట్లా లేదు. భజన గుంపు, చర్చి గుంపు, పీర్ల పండగ చేసే గుంపు కలవాల్సిన చోట, ఒకరి దేవుడి పాట అందరి చేతా పాడించబోతే తగువే మిగులుతుంది. అలాంటి చోట నాట్ల పాటలు, బతుకమ్మ పాటల వరసలు, ఉయ్యాల పదాలు తీసుకుంటాం, ప్రార్థన మాత్రం వంతులవారీగా ఎవరిది వాళ్లు చేస్తారు. సాక్ష్యం చెప్పే పద్ధతి అందరికీ సరిపోతుంది. నాకు ఏం జరిగిందో, నేనేం చేశానో లేచి నిలబడి చెప్పడానికి మతం అడ్డురాదు.

ఆఖరి పూట పాటలు ఆపేస్తాం. ఆల్బనీలో లోపించింది ఆ పూటే కాబట్టి దాన్ని ఎవరు బతిమాలినా వదిలిపెట్టను. మీరు అడిగేది ఒక్కటే ఏమిటి? దాన్ని ఇవ్వగల అధికారి ఎవరు? ఆయన కాదంటే ఎవరి మాట వింటాడు? అవతలివాళ్లు కొట్టకుండా, తిట్టకుండా, మర్యాదగా మిమ్మల్ని విసిగించి పంపేస్తే ఏం చేస్తారు? ఈ నాలుగో ప్రశ్న దగ్గర గది నిశ్శబ్దమైపోతుంది, ఎందుకంటే మన ఆఫీసుల్లో లాఠీ కన్నా ‘రేపు రండి’ అన్న మాటే ఎక్కువ ఉద్యమాలను చంపింది. చర్చ గంటలు పడుతుంది, కోపాలొస్తాయి, అడగాల్సినవాటిలో ఎక్కువ భాగం కొట్టేయాల్సి వస్తుంది. ఆఫీసు పేరు, అధికారి హోదా, గడువు తేదీ, ఏ రోజు ఎవరు వెళ్తారో ఆ పేర్లు గోడమీది చార్టు ఎక్కాకే డప్పు మళ్లీ బయటికి తీయిస్తాను.